ఆత్మారాం తప్పు పాట

బోధన్‌ల ఆత్మారాం మొఖం గుర్తువట్టనోళ్ళు శానమంది ఉంటరు గాని, గొంతు గుర్తువట్టనోళ్ళు మాత్రం లేరు. "రేపు పొద్దుగాల తొమ్మిది నుంచి కరెంటు ఉండదు" అని మైకు గట్టిన ఆటోల తిరిగి చెప్పేది ఆయనే, "నల్ల బర్రె తప్పిపోయింది, ఎడమ కొమ్ము ఇరిగి ఉంటది" అని చెప్పేదీ ఆయనే. రెంజల్ రోడ్డు మీద ఆటో ఇంక మలుపు తిరగకముందే, అరుగుల మీద బీడీలు చేసే ఆడోళ్ళు మాటలు ఆపి చెవులు రిక్కిస్తరు. యాభై మూడేండ్ల మనిషి. బక్కగ, పొట్టిగ ఉంటడు. గా సన్న పెయ్యిలకెల్లి అంత గొంతు ఎట్ల వస్తదో దేవునికే ఎరుక.

అది ఊకెనే వచ్చిన గొంతు గాదు. పద్దెనిమిదేండ్లు నిజామాబాద్ యార్డుల పసుపు హర్రాజు పాడిన గొంతు. కుప్ప పక్కకు నిలవడి, రైతు పేరు, ఊరి పేరు జెప్పి, "ఒకటోసారీ... రెండోసారీ..." అని సాగదీస్తే, చాయ తాగవోయిన యాపారి గూడ గ్లాసు ఆడనే పెట్టి ఉరికొచ్చేటోడు. అటెన్క యాపారులు ఫోన్లల్లనే రేట్లు ఏసుడు మొదలువెట్టిర్రు. పాట పాడేటోనితోని పని లేకుంటయింది. ఆత్మారాం కొన్నొద్దులు ఇంట్ల మొఖం మాడ్సుకొని కూసున్నడు, అటెన్క ఆటో కొనుక్కున్నడు, దాని నెత్తిమీద రెండు మైకు భొంగాలు గట్టిండు.

మరి ఫోను తన పని గుంజుకున్నదాయె. ఇంట్ల బిడ్డ రుచిత చేతుల ఫోను కనవడితె ఆయనకు ఎక్కడలేని మంట లేసేది. రుచితకు ఇరువై ఏండ్లు, డిగ్రీ సదువుతున్నది. పక్కింటి స్నేహలత, కాలేజీల సదివే ఇంకో ఇద్దరితోని జట్టుగట్టి ఫోన్ల తుపాకులాట ఆడుతది. ఈ దిక్కు నలుగురు, ఆ దిక్కు నలుగురు. ఒక జట్టుల నలుగురూ పడిపోతే ఆ రౌండు రెండో జట్టుది. ఆమె ఆడుతుంటే ఆత్మారాం తలుపు దబదబ కొట్టి, "సాలు ఇగ! కండ్లు పోతయి!" అని ఒర్రేటోడు. ఆయన తల్లి వెంకటవ్వ మాత్రం చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుట్టుకుంట, "నువ్వు ఒర్రుతవు, అది కాలుస్తది. ఎవల పని వాళ్ళకున్నది, నీకేందిరా నొప్పి?" అనేది.

నొప్పి ఆయనకు గాదు, రుచితకే ఉండె. నిజామాబాద్‌ల మొబైల్ దుకాణం నడిపే శివకుమార్ ఏటా జిల్లా పోటీ పెడతడు. గెల్సిన ఒక్క జట్టే హైదరాబాద్‌కు, రాష్ట్రం పోటీకి పోతది. పోయిన ఏడు రుచితవాళ్ళు సెమీస్‌ల ఓడిపోయి వచ్చిర్రు. రెండు దినాలు పిల్ల బువ్వ ముట్టలే. ఈ ఏడు డిగ్రీ అయిపోతది, జట్టుల ఎవల దారి వాళ్ళదైతది. హైదరాబాద్ పోవాల్నంటె ఇదే ఆఖరు. గీ సంగతి ఆత్మారాంకు తెల్వదు. తెల్సుకోవాల్నన్న సోయి గూడ లేకుండె.

గసొంటి మనిషిని తీస్కపోయి గా ఆటల్నే పడేసిందెవరో తెల్సా? శివకుమారే. మొదాలు పోటీ గురించి ఊర్లల్ల చాటింపు ఏసెతందుకు ఆటో మాట్లాడిండు. రుద్రూర్ దాక చెరుకు తోటల నడుమ తిరుగుకుంట, తనకే తెల్వని ఆట గురించి ఆత్మారాం గొంతు చించుకున్నడు. పైసలు ముట్టినయి, పని ఒడిసింది అనుకున్నడు. అంతల్నే శివకుమార్ మళ్ళ ఇంటికొచ్చిండు.

"ఆత్మన్నా, ఆట నడుస్తుంటే జనానికి చెప్పేతందుకు హైదరాబాద్ కెల్లి ఒకాయనను పిలిస్తే, రానని ఫోన్ జేసిండు. నువ్వే చెప్పాలె."

"నాకేం తెల్సు శివన్నా? ఎవడు ఎవన్ని కాలుస్తున్నడో గూడ తెల్వదు."

"ఇంట్లనే పంతులమ్మను పెట్టుకొని తెల్వదంటవేందన్నా?" అని శివకుమార్ నవ్విండు.

పంతులమ్మ మొదాలు మూతి ముడుసుకున్నది. అటెన్క ఒప్పుకున్నది. వారం దినాలు రోజూ పొద్దుమూకకముందు తండ్రి పక్కకు గూసుండి, ఏ గోడ ఎనుక ఎవలు నక్కుతరు, ఏ తుపాకి ఎంత దూరం కొడతది, అన్నీ చెప్పింది. ఆత్మారాం అడిగిన సవాళ్ళకు పడీ పడీ నవ్వింది. "వీడు గోడకానుకొని ఏం జేస్తున్నడే, ఒంటికి పోతున్నడా?" అని అడిగిండట! మూడేండ్లల్ల మాట్లాడుకోనంత మాట్లాడుకున్నరు గా వారంల. హైదరాబాద్ సంగతి గూడ గప్పుడే చెప్పింది. రుచితది దూరంపు తుపాకి. ఊపిరి బిగవట్టి, కదలకుంట, గురి కుదిరెదాక ఆగి ఒక్కటే దెబ్బ కొడతది. అది సూసి ఆత్మారాంకు పానం ఉసూరుమన్నది. ఇంత ఓపికున్న పిల్ల తలుపును గిన్నొద్దులు గట్ల కొట్టుకుంట తిరిగితి గదా అని సిగ్గయింది.

"బాపు, ఒక్క మాట. నేను ఆడేటప్పుడు నన్ను బిడ్డ అనొద్దు. మా దిక్కు చెప్పొద్దు" అన్నది రుచిత.

"పద్దెనిమిదేండ్లు పాట పాడిన. ఒక్కనాడన్న ఒక్క రైతు దిక్కు మాట్లాడిన్నా?" అని ఆత్మారాం ఛాతి ఇరుసుకున్నడు.

శనివారం నిజామాబాద్ ఫంక్షన్ హాల్ల ఆటలన్నీ మంచిగ జరిగినయి. జనానికి ఆత్మారాం తెగ నచ్చిండు. ఒకడు పడిపోతే "పాయె! ఇంకో వికెట్టు గాదు, ఇంకో మనిషే పాయె!" అంటడు. ఆఖరోడు మూలకు జిక్కితే "ఒకటోసారీ... రెండోసారీ..." అని హర్రాజు ఎత్తుకుంటడు. కాల్పు వడంగనె హాలంత కలిసి "మూడోసారీ!" అని ఒర్రుడే. రుచిత జట్టు గెల్సుకుంట గెల్సుకుంట ఫైనల్‌కు వచ్చింది. అవుతలి దిక్కు భీమ్‌గల్ జట్టు. వాళ్ళ నాయకుడు ప్రశాంత్, మాటకు మెత్తన, ఆటకు గట్టోడు.

ఆదివారం పగటీలి మూడు గంటలకు ఫైనల్. ఫంక్షన్ హాలు పట్టనంత జనం. హాలు స్పీకర్లు ఒకటి గీ అంటది, ఒకటి అసలు అననే అనది. "ఆగుండ్రి" అని ఆత్మారాం పోయి, తన ఆటో మీది భొంగాలు రెండూ ఇప్పుకొచ్చి, స్టేజీకి ఈ పక్కొకటి ఆ పక్కొకటి కట్టిండు. ఎడమ దిక్కు భొంగ సక్కగ బోధన్ పిల్లల నెత్తిమీదికే వచ్చింది. ఆడేటోళ్ళ చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉంటయి, ఏం ఇనవడదని శివకుమార్ ధీమా. కాని ఆ ఇయర్‌ఫోన్లు హాలు స్పీకర్లకు ఆగుతయేమో గాని, మూడు ఊర్లకు ఇనవడె భొంగకు ఆగుతయా? గా మాట ఒక్కడన్న అనలే. ఆత్మారాంకు గూడ తట్టలే.

ఏడు రౌండ్లు ముందుగాల గెల్సినోళ్ళది కప్పు. ఏమాట కామాట జెప్పాలె, గసొంటి ఆట నిజామాబాద్ మళ్ళ సూడది. భీమ్‌గల్ మూడు గెలిస్తే బోధన్ మూడు గెలిచింది. భీమ్‌గల్ అయిదుకు పోతే స్నేహలత ఒక్కతే ముగ్గుర్ని పండవెట్టి లెక్క సరిజేసింది. ఆరుకు ఆరు అయినంక కుర్సీల మీద గూసున్నోడు ఒక్కడు లేడు, అందరూ లేసి నిలవడ్డరు. ఆఖరు కుర్సీల వరుసల, తలుపు కాడ, వెంకటవ్వ మాత్రం చాట తోని సహా గూసొని, "కూసుండి సూడుండ్రి, నాకేం కనవడ్తలేదు!" అని ముందటోళ్ళను తిడుతున్నది.

పదమూడో రౌండు. స్నేహలత పడ్డది, మిగిలిన ఇద్దరు పడ్డరు. భీమ్‌గల్‌ల గూడ ముగ్గురు పడ్డరు. ఇటు రుచిత, అటు ప్రశాంత్. రుచిత ఒక గోదాం మీదెక్కి, కిటికిల తుపాకి పెట్టి గేటు దిక్కు సూస్తున్నది. ప్రశాంత్ గేటు కాడ లేడు. వంగి, అడుగు సప్పుడు రాకుంట, గోదాం ఎనుక మెట్లెక్కుతున్నడు. ఆమెకు ఎరుకలే. పెద్ద తెర మీద హాలంతటికీ కనవడుతున్నది.

"ఒకటోసారీ..." అన్నడు ఆత్మారాం. ప్రశాంత్ ఆఖరు మెట్టు ఎక్కిండు. "రెండోసారీ..." ప్రశాంత్ తుపాకి ఎత్తిండు. గప్పుడు ఆత్మారాం పద్దెనిమిదేండ్ల యార్డు ఎటువోయిందో ఏమో, ఆయన నోట్లకెల్లి ఇంకో మాట దుంకింది.

"ఎనుకకు సూడు బిడ్డా!"

రుచిత గిర్రున తిరిగింది. ఒక్కటే దెబ్బ. ప్రశాంత్ మెట్ల మీదనే కూలిండు.

హాలు లేసిపోయింది. "మూడోసారీ!" అని ఒర్రుడు, ఈలలు, కుర్సీలు తన్నుడు. ఆ లొల్లిల ఆత్మారాం అన్న మాట ఎవలికీ పట్టలే. భీమ్‌గల్ దిక్కు ఒక పిలగాడు, "అన్నా, మైకులకెల్లి చెప్పిర్రే!" అని లేసిండు. "ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నంక ఏం ఇనవడ్తదిరా, కూసో" అని శివకుమార్ తీసిపారేసి, కప్పు తెచ్చేతందుకు పోయిండు. ప్రశాంత్ ఫోను దిక్కే సూస్కుంట, "గట్ల ఎట్ల తిరిగింది?" అని తనల్ల తనే అనుకుంటున్నడు.

ఆత్మారాం బిడ్డ దిక్కు సూసిండు. జట్టుల ముగ్గురు ఎగురుతున్నరు. రుచిత ఎగుర్తలేదు. ఫోను ఒళ్ళె పెట్టుకొని, తల దించుకొని కూసున్నది. చెవులు ఎర్రగయినయి. ఆమెకు ఇనవడ్డది. ఆమెకు ఎరుక, ఈయనకు ఎరుక. ఇంకెవలికీ ఎరుకలేదు.

ఇడ్సిపెడదాం అనుకున్నడు. ఎందుకనుకోడు? కన్నతండ్రి. పిల్ల రెండేండ్ల కష్టం. ఎవడు అడుగుతడు? ఇప్పుడు నోరిప్పితె హైదరాబాద్ పాయె, వారం కింద మాట్లాడుడు మొదలువెట్టిన బిడ్డ గూడ పాయె. మైకు కింద పెట్టి చాయకు పోదామని ఒక అడుగు ఎనుకకేసిండు గూడ.

గని యార్డుల ఒక కట్టుబాటుండె. పాట తప్పు పాడితే, ఒకని కుప్పకు ఇంకొకని రేటు జెప్తే, పాడినోడే ఒప్పుకోవాలె. అదీ కుప్ప తూకం కాంటకు ఎక్కకముందే. ఎక్కినంక మొత్తుకున్నా ఎవలూ ఇనరు. గప్పుడు మళ్ళ మొదటికెల్లి పాడాలె. ఎంత పెద్ద సేటు కండ్లెర్రజేసినా సరే. ఆత్మారాం తన జిందగీల మూడుసార్లు తప్పు పాడిండు, మూడుసార్లు ఒప్పుకున్నడు. ఇప్పుడు సూస్తే శివకుమార్ కప్పు పట్టుకొని స్టేజీ మెట్లు ఎక్కుతున్నడు.

"ఆగుండ్రి!" అన్నడు మైకుల. రెండు భొంగాలు దద్దరిల్లినయి, హాలు సల్లవడ్డది. "నేను తప్పు పాడిన. ప్రశాంత్ ఎనుకకెల్లి వస్తున్నడని నేనే చెప్పిన. భొంగ పిల్లల నెత్తిమీదనే ఉన్నది, ఇనవడ్డది. ఇది చెల్లది. ఆఖరు రౌండు మళ్ళ ఆడాలె."

ఒక్క పారి లొల్లి. బోధన్ కెల్లి వచ్చినోళ్ళు తిట్టిర్రు. "నీకేమన్న పిచ్చి లేసిందా ఆత్మన్నా?" అన్నడు శివకుమార్. రుచిత లేసింది. కండ్లల్ల నీళ్ళు కారిపోతున్నయి.

"నోరు మూస్కుంటే ఏం పోతుండె బాపు నీకు? మొదాలు మూస్కోలేదు, ఇప్పుడన్న మూస్కోలేదు!"

గా మాట ఆయనకు ఎక్కడ తగలాల్నో గక్కడ్నే తగిలింది. మైకు శివకుమార్ చేతుల పెట్టి, భొంగల తీగలు తానే పీకేసి, "నేనుంటే నా నోరాగది" అని బయటికి నడిసిండు.

హాలు ముంగట చెప్పుల కుప్ప పక్కకు, మెట్ల మీద కూసున్నడు. ఊరందరికీ ఏం జరుగుతున్నదో చెప్పెటోనికి, లోపల తన బిడ్డకు ఏమైతున్నదో తెల్వది. అరచేతులు రుద్దుకుంటున్నడు. తలుపు సందులకెల్లి వెంకటవ్వ తల వెట్టింది.

"మొదలైందిరా. ఒగడు పడ్డడు."

"ఎవలే?"

"నాకేం దెల్సు, అందరూ ఒక్క తీర్గనే ఉన్నరు. ఆగు, ఇంగొకడు పడ్డడు. వాడు మనోడే, స్నేహలత నెత్తి కొట్టుకుంటున్నది."

"అవ్వా, రుచిత ఏం జేస్తున్నదే?"

"గోడ ఎనుక కూసున్నది. ఓపిక గల్ల పిల్ల. నీ తీర్గ గాదు." వెంకటవ్వ మెడ ఇంకింత లోపలికి పెట్టింది. "ఒగన్ని కొట్టింది! ఇంగొకన్ని గూడ కొట్టిందిరో! మన దిక్కు గూడ ఇంకో ఇద్దరు పడ్డరు. ఇప్పుడు ఇద్దరే మిగిలిర్రు. మళ్ళ గా భీమ్‌గల్ పిలగాడే. ఈసారి సక్కగ ఎదురుంగనే వస్తున్నడు."

ఆత్మారాం కండ్లు మూస్కున్నడు. ఒక్కసారే రెండు కాల్పులు ఇనవడ్డయి, దాని ఎంటనే పెద్ద ఒర్రుడు.

"ఎవలు గెల్సిర్రే అవ్వా? చెప్పవేందే!"

వెంకటవ్వ బయటికొచ్చి కొడుకు పక్కకు మెట్టు మీద కూసున్నది. ఆయన మోకాలు మీద చెయ్యేసింది. "ఎంట్రుకంత తేడా రా" అన్నది. భీమ్‌గల్ గెల్సింది.

మంచి పని చేసినోని కడుపు సల్లగుంటదని ఎవలన్న చెప్తే నమ్మకుండ్రి. ఆత్మారాం కడుపు భగ్గుమంటుండె. తన చేతులతోని తనే బిడ్డ నోటికాడి బుక్క గుంజినట్టయింది. లోపల చప్పట్లు ఎంతసేపు కొట్టిర్రో, ఏమేం మాట్లాడిర్రో ఆయన చెవికెక్కలే. శివకుమార్ వచ్చి, "గెల్సినోళ్ళ పేర్లు సదవాలె, దా అన్నా" అంటే, "ఏ మొఖం పెట్టుకొని వస్త? నువ్వే సదువుకో పో" అన్నడు.

కొద్దిసేపటికి రుచిత వచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నయి. తండ్రికి నాలుగడుగుల దూరంలనే నిలవడ్డది.

"లే బాపు. శివన్న మైకు వట్టుకుంటే జనం గోల జేస్తున్నరు. నువ్వొస్తేనే ఇంటరట."

"రుచితా, నేను..."

"అవన్నీ ఇంటికాడ. నేను ఇన్న బాపు. ఇనే తిరిగిన. నువ్వు చెప్పకపోతే నేను చెప్పుదునో లేదో, నాకే తెల్వది." గంత మాట అని ఎనుకకు తిరిగి పోయింది. ఆత్మారాం దస్తీతోని మొఖం తుడుసుకొని లేసిండు.

స్టేజీ ఎక్కంగనె శివకుమార్ ఒక చీటీ చేతుల పెట్టిండు. ఆత్మారాం మైకు అందుకున్నడు. ఓడిన బిడ్డ ముంగట గెల్సినోళ్ళ పేర్లు చెప్పుడు ఎంత కష్టమో, గది ఆయన గొంతుల మాత్రం ఎవలికీ ఇనవడలే. యార్డుల కుప్ప పక్కకు నిలవడ్డట్టే నిలవడి, నిండుగ సదివిండు.

"హైదరాబాద్ పోయే జట్టూ... ప్రశాంత్, భీమ్‌గల్! లింబాద్రి, భీమ్‌గల్! ధనుంజయ్, భీమ్‌గల్! మల్లికార్జున్, భీమ్‌గల్!"

ఒక్కొక్క పేరుకు చప్పట్లు. నలుగురైపోయిర్రు. చీటీల ఇంకొక పేరు ఉన్నది. ఆత్మారాం ఆగిండు. జేబుల అద్దాలు తీసి పెట్టుకొని మళ్ళ సూసిండు. శివకుమార్ దిక్కు తిరిగిండు.

"రాష్ట్రం పోటీకి అయిదుగురి పేర్లు ఇయ్యాలె అన్నా. నలుగురు ఆడేటోళ్ళు, ఒకరు అదనం. వీళ్ళకు అయిదో మనిషి లేడు" అన్నడు శివకుమార్.

ప్రశాంత్ ముంగటికొచ్చి, రుచిత దిక్కు చెయ్యి చూపిచ్చిండు. "మమ్ముల ఎక్కువసార్లు పండవెట్టింది ఈమెనే కాకా. ఇడ్సిపెట్టి పోతమా? అడిగినం. తన జట్టోళ్ళను అడిగి చెప్తన్నది."

"మేం ఒప్పుకున్నం, సదువు కాకా!" అని స్నేహలత కింది కెల్లి ఒర్రింది. ఆమె గొంతుల ఏడుపున్నది, నవ్వున్నది. రుచిత స్టేజీ కింద నిలవడి నేల దిక్కు సూస్తున్నది. సూసుకుంటనే నవ్వుతున్నది.

ఆత్మారాం మైకు ఎత్తిండు. "అయిదో పేరూ..." అన్నడు. గంతే. దగ్గిండు, మళ్ళ నోరు తెరిసిండు. గాలి తప్ప ఏం రాలే. హాలంత ఆయన నోటి దిక్కే సూస్తున్నది. ఆఖరుకు బలవంతాన ఒక్క మాట బయటవడ్డది, ముందటి వరుసకన్న ఇనవడ్డదో లేదో.

"రుచిత."

ఎనుక తలుపు కాడికెల్లి వెంకటవ్వ చాట పట్టుకొని లేసి నిలవడ్డది. "ఓరి ఆత్మారాం! ఇనవడలేదురా! మళ్ళొక్కసారి చెప్పు!"

ఆత్మారాం మళ్ళ చెప్పిండు.